స్పెయిన్ వీరుడి వెనకాల, శామీర్‌పేట కట్ట దాకా

1997 జనవరి 20, సోమవారం, పొద్దున పది గంటల పది నిమిషాలకు మా ఫ్యాక్టరీ క్యాంటీన్ గోడకు స్పెయిన్ దేశపు సైకిల్ వీరుడి బొమ్మ తగిలించారు. టీ గంట పదింటికి కొట్టాలి. ఆ రోజు బొమ్మ వంకర పోకుండా నిలబడేదాకా టీ ఆపారు కాబట్టి సమయం నాకు గుర్తుండిపోయింది. నా ఉద్యోగంలో టీ ఆలస్యమైంది రెండేసార్లు. మొదటిసారి యజమానిగారి తండ్రి పోయినప్పుడు.

ఇప్పుడు ఆదివారం పొద్దున్నే ఒంటికి అతుక్కుపోయిన రంగు చొక్కాలతో, నెత్తిన పుచ్చకాయ చెక్కలాంటి టోపీలతో మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు సైకిళ్లు తొక్కుతూ పోయే పిల్లలారా, ఇది మీకోసమే రాస్తున్నాను. మీరు చెరువు కట్ట మీద ఆగి ఫొటోలు దిగుతారు. ఇడ్లీ తింటారు. కొందరు సైకిలును కారు వెనక కట్టుకుని ఇంటికి పోతారు. ఆ దారిలో తొమ్మిదేళ్ల పాటు, సైకిలు వెనక ఇసుక బస్తా కట్టుకుని, పనిగా తొక్కిన మనిషి ఒకడుండేవాడు. మీ ఆటకూ అతని జీవితానికీ ఒక్కరోజు సంబంధం ఏర్పడింది. ఆ రోజు గురించి చెబుతాను.

మాది సైకిళ్ల ఫ్యాక్టరీ. మేడ్చల్ దాటాక పెద్ద రోడ్డు పక్కనే ఉండేది. ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు ఉంది, పోయి చూడనక్కర్లేదు. పాలవాళ్లు, పోస్టుమెన్లు, కూరగాయల వాళ్లు తొక్కే నల్ల సైకిలు మా సరుకు. వెడల్పు సీటు, గట్టి క్యారియర్, రెండు కాళ్ల స్టాండు. నేను చక్రాల సెక్షన్‌లో 1979లో చేరి, చివరికి ఇన్‌స్పెక్టర్‌నయ్యాను. సూరారం నుంచి బస్సులో వచ్చే పదకొండు మంది ఆడవాళ్లు నా కింద పనిచేసేవారు. రిమ్ముకు పుల్లలు ఎక్కించి, బెండు తీసి, చక్రం తిప్పి చూసి నా ముందు పెట్టేవారు. కొసరంత ఊగినా వెనక్కి పంపేదాన్ని. నన్నెవరూ పెద్దగా ఇష్టపడేవారు కాదు. చక్రాలు మాత్రం తిన్నగా తిరిగేవి.

తొమ్మిదేళ్లు తొక్కిన ఆ మనిషి మా టెస్టరు. ప్రతి లాటులోంచి ఒక సైకిలు తీసుకుని, క్యారియర్ మీద ఇసుక బస్తా కట్టి, శామీర్‌పేట చెరువు కట్ట దాకా పోయి తిరిగి వచ్చేవాడు. ఎక్కడ కిర్రుమంది, ఎక్కడ వదులైంది వచ్చి చెప్పేవాడు. రోజూ ఇంత తొక్కేవాడికి సొంత సైకిలు లేదు. ఊరి నుంచి నడిచి వచ్చేవాడు. తొమ్మిదేళ్లయినా క్యాజువల్‌గానే ఉంచారు. భార్య కోళ్ల ఫారంలో పనిచేసి ఊపిరి జబ్బు తెచ్చుకుంది. పర్మినెంటు అయితే కంపెనీ దవాఖాన కార్డు వస్తుంది. ఆ కార్డు కోసమే అతను ప్రతి ఏడూ కొత్త అర్జీ పెట్టేవాడు.

అతనికి ఒక అలవాటు ఉండేది. సైకిలు మీద వస్తుండగా మేనేజరు కారు కనిపిస్తే దిగి, పక్కకు జరిగి, కారు దాటిపోయాకే మళ్లీ ఎక్కేవాడు. ఇసుక బస్తాతో ఎక్కడం దిగడం తేలిక కాదు. మేము నవ్వుకునేవాళ్లం. మేనేజరు మాత్రం దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకునేవాడు.

ఇక మేనేజరు. బెజవాడ వైపు నుంచి కొత్తగా వచ్చాడు. ఇంట్లో కేబుల్ టీవీ పెట్టించుకుని, ఫ్రాన్సులో జరిగే పెద్ద సైకిల్ పందెం చూసి, నల్ల సైకిలుకు కాలం చెల్లిందని తేల్చాడు. ఆయన స్కూటరు మీద పోవడం చూశాను, కారులో పోవడం చూశాను. సైకిలు మీద ఒక్కనాడూ చూడలేదు. స్పెయిన్ కంపెనీ ఒకదానితో ఒప్పందం కుదిర్చాడు. వంపు తిరిగిన హ్యాండిలు, సన్నటి చక్రాలు, వేలెడు వెడల్పు సీటు. క్యారియర్ లేదు, స్టాండు లేదు, గంట కూడా లేదు. ఆ సైకిలును జనానికి అంటగట్టడానికి వీరుడి బొమ్మ.

బొమ్మలో అతను రెండు చేతులూ పైకెత్తి కొండ మీదికి వస్తున్నాడు. కింద ఎర్ర అక్షరాలతో ‘విశ్వవిజేత’ అని రాయించారు. క్యాంటీన్‌లో వంట చేసే ఆమె గరిటె పట్టుకుని వచ్చి చూసింది.

“గీయన ఏం జేస్తడక్కా?”

“సైకిల్ తొక్కుతడు.”

“గంతేనా? మా ఇంటాయన రెండు పాలక్యాన్లు కట్టుకోని దినాం తొక్కుతడు. గా గోడకు ఇంకో మొల ఉన్నదేమో జూడు.”

వారం తిరక్కుండా ఆ బొమ్మకు బంతిపూల దండ పడింది. పెయింటు సెక్షన్ వాళ్లు అగరుబత్తి గుచ్చారు. వీరుడు ఏ దేశంలో పుట్టాడో, ఏం గెలిచాడో చెప్పగలవాడు ఆ షెడ్డులో ఒక్కడూ లేడు, కానీ అందరికీ అభిమానమే. మా సెక్షన్ ఆడవాళ్లలో ఇద్దరు ఆయన కళ్ల గురించి మాట్లాడుకోవడం విని, ఆ పూట వాళ్ల చక్రాలు రెండుసార్లు తిప్పించాను.

టెస్టరు ఒక్కడే కళ్లు చూడలేదు, కాళ్లు చూశాడు. టీ గ్లాసు పట్టుకుని బొమ్మ ముందు చాలాసేపు నిలబడేవాడు.

“అక్కా, ఆయన కూసున్న తీరు జూడు. నడుం వంచిండు గని మెడ వంచలే. మోకాలు బయటికి పోతలేదు. గట్ల తొక్కితే ఎంత దూరమన్న పోవచ్చు.”

“నీ ఎన్క బస్త ఉన్నది. నువ్వు గట్ల వంగితే బస్త నీ నెత్తి మీదికొస్తది” అన్నాను.

అన్నా వినలేదు. ఒకరోజు పాలవాళ్ల సైకిలు హ్యాండిలును అడ్డంగా కిందికి దింపుకుని కట్ట దాకా పోయివచ్చాడు. హ్యాండిలు కిర్రుమంటోందని రిపోర్టు ఇచ్చాడు. కిర్రుమనదా మరి? తిట్టాను. నవ్వాడు. నలభైకి దగ్గర పడ్డ మనిషి అలా నవ్వడం అంతకుముందు నేను చూడలేదు.

నెలాఖరున మేనేజరు క్యాంటీన్‌లో అందరినీ నిలబెట్టి చెప్పాడు. వీరుడు స్వయంగా వస్తున్నాడు. ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం. మన గేటు నుంచి శామీర్‌పేట కట్ట దాకా కొత్త సైకిలు తొక్కుతాడు. ఇష్టమున్నవాళ్లు వెంట తొక్కవచ్చు.

“కట్ట దాకా ఆయనతో నిలబడినవాణ్ణి కంపెనీ డెమో రైడర్‌గా తీసుకుంటుంది. పర్మినెంటు పోస్టు. ఆయన సరే అంటే చాలు, అర్జీలూ గిర్జీలూ అక్కర్లేదు” అన్నాడు.

అందరూ టెస్టరు వైపు చూశారు. అతను గ్లాసు వైపు చూసుకున్నాడు. వంటామె మాత్రం వెనకనుంచి, “దండ గీ తమ్మునికే ఎయ్యున్రి, గోడకు ఎందుకు” అంది.

ఆ ఆదివారం పొద్దున ఏడింటికి గేటు దగ్గర జాతర. మేళం పెట్టారు. వ్యాను వచ్చి ఆగింది. ముందుగా దిగిన పొడుగాటి, తెల్లటి, నవ్వుమొహం మనిషికి యజమానిగారు గజమాల వేశారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన స్పెయిన్ కంపెనీ సేల్స్ ఏజెంటు. అసలు వీరుడు ఆయన వెనకాల దిగాడు. పొట్టిగా, బక్కగా, ఎండకు నల్లబడి, మన మొక్కజొన్న చేలో కాపలా మనిషిలా ఉన్నాడు. రిటైరై రెండేళ్లయిందట. ఎవరూ గుర్తుపట్టలేదు. పదిహేను రోజుల పాటు ఆ మొహానికి అగరుబత్తి వెలిగించినవాళ్లు అతన్ని పక్కకు జరగమని మోచేత్తో నెట్టడం నా కళ్లతో చూశాను. అభిమానం అంటే నాకున్న అభిప్రాయం ఆ రోజుతో స్థిరపడింది. మాల ఒకసారి పడ్డాక తీయడం బాగుండదని ఏజెంటు మెడలోనే ఉంచేశారు.

వీరుడు అదేమీ పట్టించుకోలేదు. సైకిలు ఎత్తి, ముందు చక్రం తిప్పి, ఒక కన్ను మూసి చూశాడు. ఆ చక్రం మేం చేసిందే. తల ఊపాడు. అంతవరకు అతని మీద నాకు ఫిర్యాదు లేదు.

వ్యానులో వెనకాల రావడానికి నన్నూ ఎక్కించారు. దారిలో చక్రం పాడైతే తిట్టడానికి ఒకరు కావాలి కదా. ముందు సీట్లో మేనేజరు. నా పక్కన సిటీ నుంచి తెచ్చిన దుబాసీ అమ్మాయి. స్పానిష్ చదువుకుంది కానీ సైకిలు గురించి ఏమీ తెలియదని ముందే చెప్పేసింది. నిజం చెప్పింది కాబట్టి నాకు నచ్చింది.

వీరుడితో బయల్దేరినవాళ్లు ఏడుగురు, అందరికీ కొత్త సైకిళ్లే ఇచ్చారు. అందులో ఒకడు మేనేజరుకు దూరపు చుట్టం, సిటీ కుర్రాడు, మీలాగే రంగు చొక్కా తొడుక్కుని వచ్చాడు. మేడ్చల్ దాటి ద్రాక్ష తోటలు మొదలయ్యేసరికి ఆరుగురూ రోడ్డు పక్కన నడుము పట్టుకుని నిలబడ్డారు. రంగు చొక్కా కుర్రాడు తోట కంచెకు ఆనుకుని నీళ్లు తాగుతూ మాకు చెయ్యి ఊపాడు. మిగిలింది మా టెస్టరు ఒక్కడే. వీరుడి వెనకాల, చక్రానికి చక్రం మూరెడు దూరంలో, ఖాకీ ప్యాంటు కాళ్లు సుతిలి తాడుతో కట్టుకుని తొక్కుతున్నాడు.

“ఆ కాలు చూడండి మేడమ్” అన్నాడు మేనేజరు, వీరుణ్ణి చూపించి. “ప్రపంచాన్ని గెలిచిన కాలండీ అది.”

“ఏ సాలు గెలిచిండు సార్?”

“మీకు ప్రతిదానికీ సంవత్సరం కావాలి.”

నేను దుబాసీ అమ్మాయిని అడిగాను. హోటల్ నుంచి వచ్చేటప్పుడు దారంతా అతను ఆమెకు తన సంగతే చెప్పాడట. వాళ్ల నాన్న కొండ ఊళ్లో రొట్టెలు కాల్చేవాడు. పిల్లప్పుడు ఇంటింటికీ సైకిలు మీద రొట్టెలు వేసేవాడు. పెద్దయ్యాక ఒక జట్టులో పదేళ్లు పనిచేశాడు. ఆ ఫ్రాన్సు పందెంలో గెలవాల్సింది జట్టు నాయకుడు. ఇతని పని నాయకుడికి ముందు తొక్కుతూ గాలి తన మీద పడనివ్వడం, కారు దగ్గరికి వెనక్కి పోయి నీళ్ల సీసాలు మోసుకురావడం. నాయకుడు మూడుసార్లు గెలిచాడు. ఇతను ఒక్కరోజు, ఒక్క కొండ మీద, నాయకుడు పొమ్మంటే పోయి గెలిచాడు. మన గోడ మీద ఉన్నది ఆ రోజు ఫొటో. కానీ వాళ్ల దేశంలో రోడ్ల మీద సున్నంతో రాసేది నాయకుడి పేరు కాదట, ఇతనిదట. ఇతను వీధిలో పోతే ముసలమ్మలు పిలిచి అన్నం పెడతారట.

“అంటే అసలు నీళ్లు మోసేటోడన్నట్టు” అన్నాను.

మేనేజరు వెనక్కి తిరిగాడు. “అవన్నీ వాళ్ల దేశం సంగతులమ్మా. ఇక్కడెవరికీ చెప్పక్కర్లేదు.”

ఆ మనిషి కథలో గర్వపడదగ్గ భాగం ఏదో అదే ఆయనకు సిగ్గుగా తోచింది. పని చేసినవాడిగా నిలబెడితే సైకిలు అమ్ముడుపోదని, కిరీటం పెట్టి నిలబెట్టాడు. చదువుకున్నవాళ్లు బొమ్మలు చేయడం నేను చాలాసార్లు చూశాను. ఇంత పనికిమాలిన బొమ్మను మళ్లీ చూడలేదు.

తోటలు దాటాక ఎటుచూసినా బయలే. ఫిబ్రవరి పొద్దుటి తూర్పు గాలి ఎదురుగా కొడుతోంది. రోడ్డు పక్కన కోళ్ల ఫారాల గోనె పరదాలు ఎగిరిపోతున్నాయి. వీరుడు వంగి తొక్కుతున్నాడు. అప్పుడు నేను చూశాను. అతను కుడి మోచేతిని డొక్క దగ్గర నుంచి బయటికి కొట్టాడు, కోడి రెక్క కొట్టినట్టు. టెస్టరు ఒక్కసారిగా వెనక్కి తగ్గాడు. కొంతదూరం పోయాక మళ్లీ కొట్టాడు. ఈసారి టెస్టరు తగ్గలేదు, కుడిపక్కకు కొంచెం జరిగాడు. అతని ముందు చక్రం వీరుడి వెనక చక్రం పక్కకు వచ్చింది. వెంటనే రిమ్ముకు బ్రేకు రాసుకున్న చప్పుడు సన్నగా వినిపించింది. చదును రోడ్డు మీద, ఎదురు గాలిలో ఎవడైనా బ్రేకు వేస్తాడా? నా చక్రమే వంకర తిరిగి బ్రేకుకు తగులుతోందేమోనని కిటికీలోంచి మెడ చాపి చూశాను. టెస్టరు మళ్లీ వెనక్కి పోయాడు.

“చూశారా?” అన్నాడు మేనేజరు. “దూరంగా ఉండు అంటున్నాడు ఆయన. మనవాడు జిగురులా అంటుకున్నాడు. ఛాంపియన్లకు ఇలాంటివి చిరాకండీ. నేను టీవీలో చూశాగా.”

మూడోసారి మోచెయ్యి కొట్టి, వీరుడు తల తిప్పి వెనక్కి చూశాడు. టెస్టరు తల దించుకున్నాడు. ఆ తర్వాత కట్ట దాకా వీరుడు చెయ్యి కదపలేదు. ఇద్దరూ అట్లాగే పోయారు, ఒకరి వెనక ఒకరు.

కట్ట మీద షామియానా, ఫొటోగ్రాఫర్లు. నేను ముందు పోయి టెస్టరు సైకిలు చక్రాలు తిప్పి చూశాను. రెండూ తిన్నగా ఉన్నాయి. నా పరువు నిలిచింది, చప్పుడుకు కారణం మాత్రం దొరకలేదు.

“కట్ట దాకా నిలబడిన్నక్కా” అన్నాడు టెస్టరు. రొప్పడం లేదు. చొక్కా పొడిగా ఉంది. వీరుడి చొక్కా పిండితే బిందె నిండేది.

మేనేజరు దుబాసీ అమ్మాయిని ముందుకు నెట్టాడు. “మా వాడు ఎలా ఉన్నాడో అడుగు.”

వీరుడు మొహం తుడుచుకుంటూ నాలుగు మాటలు చెప్పాడు. ఆ అమ్మాయి ఒక మాట మళ్లీ చెప్పించుకుంది. “బలమైన మనిషేనట సార్. కానీ కలిసి పనిచేయడట.”

“విన్నావుగా” అన్నాడు మేనేజరు టెస్టరుతో. “కలిసి పనిచేయవట.”

టెస్టరు వంగి ప్యాంటు కాళ్లకు కట్టిన సుతిలి తాడు విప్పుకుంటున్నాడు. తొమ్మిదేళ్లు అతన్ని చూసినదాన్ని. పెయింటు వాళ్లకు డబ్బాలు మోసిపెట్టిన మనిషి, మా ఆడవాళ్లు బస్సు తప్పిపోతే రోడ్డు దాకా వచ్చి లారీ ఆపిన మనిషి. కలిసి పనిచేయడమేంటి? అదే అడిగాను. “ప్రపంచ స్థాయి మనిషి చెప్పాడండీ, మీరూ నేనూ కాదనేదేముంది?” అన్నాడు మేనేజరు.

వీరుడు వచ్చి చెయ్యి చాపాడు. టెస్టరు ఆ చెయ్యి పట్టుకోలేదు. సైకిలు నుంచి రెండడుగులు వెనక్కి జరిగి, వంగి దండం పెట్టాడు. వీరుడు కొంచెంసేపు అతన్ని వింతగా చూసి, తన సైకిలుకున్న నీళ్ల సీసా తీసి ఇచ్చాడు. దాన్ని మాత్రం రెండు చేతులా అందుకున్నాడు.

డెమో రైడర్ పోస్టు మార్చి ఒకటి నుంచి రంగు చొక్కా కుర్రాడికి ఇచ్చారు. ద్రాక్ష తోట దగ్గర ఆగిపోయినవాడే. అతనికి డ్రెస్సు ఉంది కదా. టెస్టరు ఇంకొన్ని నెలలు ఇసుక బస్తా మోశాడు. నల్ల సైకిలు ఆపేశాక టెస్టింగే అక్కర్లేదని అతన్ని రావద్దన్నారు. కొత్త సైకిలును మేడ్చల్ అంగడిలో వరసగా నిలబెడితే, పాలవాళ్లు వచ్చి క్యాన్ ఎక్కడ కట్టాలని అడిగి పోయారు. గోడ మీది విశ్వవిజేతను 1999 దీపావళికి సున్నం వేసేటప్పుడు దించారు. వంటామె ఆ బొమ్మను తిరగేసి పప్పుల డబ్బాల కింద పరుచుకుంది. అన్నేళ్లలో ఆ బొమ్మ చేసిన ఉపయోగం అది. మేనేజరు అంతకంటే పెద్ద ఉద్యోగానికి పోయాడు. అటువంటివాళ్లు ఎప్పుడూ పెద్ద ఉద్యోగానికే పోతారు. 2003లో ఫ్యాక్టరీ మూశారు. నాకు రిటైర్మెంటు చేతికిచ్చి పంపించారు.

2005 జూలైలో, ఒక శనివారం సాయంత్రం, మా కాలనీలో గోదావరి వైపు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న లెక్చరర్ గారింటికి కరివేపాకు కోసం పోయాను. టీవీలో అదే ఫ్రాన్సు పందెం. నిలబడి చూస్తున్నాను. నలుగురు ఒకరి వెనక ఒకరు పోతున్నారు. ముందున్నవాడు మోచెయ్యి బయటికి కొట్టాడు. వెనకవాడు చటుక్కున అతన్ని దాటి ముందుకు పోయాడు.

“అట్ల ఎందుకు కొట్టిండు సార్? కోపమొచ్చిందా?”

“కోపమెందుకండీ?” అన్నారాయన. “ముందువాడే గాలంతా తట్టుకోవాలి. వెనకవాడికి సుఖం. అందుకని వంతులు. నా వంతు అయింది, ఇక నువ్వు రా అని పిలవడం. పిలిచినా రానివాణ్ణి కలిసి పనిచేయడంటారు.”

“ఎవరినన్న పిలుస్తరా?”

“అబ్బే, వెనకవాడికి సత్తా ఉందనుకుంటేనే పిలుస్తారు. చేతకానివాణ్ణి ఎవడు పిలుస్తాడండీ?”

కరివేపాకు అక్కడే మరిచిపోయి వచ్చేశాను. ఎనిమిదేళ్ల కింద ఆ మేనేజరు టీవీలో ఏం చూశాడో గానీ, ఇది చూడలేదు.

మర్నాడు బస్సెక్కి శామీర్‌పేట పోయాను. చౌరస్తా దగ్గర టెస్టరు పంచర్ల కొట్టు పెట్టుకున్నాడు. రేకుల కింద ఒక గంప, నీళ్ల తొట్టి, గాలి పంపు. భార్య పక్కనే గోనె మీద కూచుని ఉంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఆమె భుజాలు పైకి లేస్తున్నాయి. వీరుడి నీళ్ల సీసా తొట్టి పక్కనే ఉంది. అందులో సబ్బునీళ్లు పోసి వాల్వుల మీద చల్లుకుంటున్నాడు.

నేను కూర్చోకుండానే చెప్పాను. మోచెయ్యి సంగతి, వంతుల సంగతి, చేతకానివాణ్ణి పిలవరన్న సంగతి. “ఆయన నిన్ను ఎల్లగొట్టలే తమ్మీ. ముంగలికి రమ్మన్నడు. గా మేనేజరుకు తెల్వదు, గా పిల్లకు తెల్వదు, నాకు తెల్వదు.”

అతను ట్యూబును నీళ్లలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తల ఎత్తలేదు.

“గిది చెప్పతందుకు ఎండల బస్సెక్కి వచ్చినవా అక్కా?”

“చెప్పొద్దా మరి?”

“నాకు దెల్సు.”

“ఎప్పుడు దెల్సింది?”

“గప్పుడే. మొదటిపారి కొట్టినప్పుడు జరుగు అన్నట్టే అనిపిచ్చింది. జరిగిన. రెండోపారి కొట్టినప్పుడు సమజైంది. గాలి మస్తున్నది, అంత ఆయనే తింటున్నడు. మెడ మీద చెమట కారుతున్నది. నా మీద సుక్క చెమట లేదు. తొమ్మిదేండ్లు గా గాలిల బస్త మోసినోన్ని, గాలి సంగతి నాకు తెల్వదా?”

“మరెందుకు పోలే?”

బుడగలు వస్తున్న చోట వేలు పెట్టి ఆపాడు.

“పోయిన అక్కా. నా ముంగలి చక్రం ఆయన ఎన్క చక్రం పక్కకు వచ్చింది. ఇంకో రెండు మూరలు పోతే అయిపోతుండె. కాళ్లు తొక్కుతనే ఉన్నయి. చేతులు బ్రేకు బట్టినయి.”

నా చక్రం తిన్నగానే ఉందని ఎనిమిదేళ్ల కిందట తేల్చుకున్నాను. చప్పుడు ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది.

“మా నాయిన ఒక్కపారి దొర గడి ముంగల సైకిల్ దిగకుంట పోయిండు” అన్నాడు. “మా పెద్దక్కకు జరమొస్తే మందుకు ఉరుకుతున్నడు. గడి సంగతే యాది లేదు. దొర మన్షులు సైకిల్ని తీస్కపోయి బాయిల పడేసిన్రు. సీటు ఊడదీసి నాయిన నెత్తి మీద పెట్టి, పొద్దూకేదాక గడి ముంగల నిలబెట్టిన్రు. నేను పుట్టకముందు సంగతి. గని నాకు సైకిల్ నేర్పినప్పుడు నాయిన తొక్కుడు కంటే ముందు దిగుడు నేర్పిండు. పెద్దమనిషి కనవడ్డడా, దిగు. ముంగలున్నడా, దాటకు. ఆయన పిలుస్తనే ఉన్నడు గని, నాకు ఎన్కనుంచి నాయిన గుంజినట్టయింది.”

భార్య అప్పటిదాకా రోడ్డు వైపు చూస్తూ ఉంది. ఇటు తిరిగింది.

“గాలికి తట్టుకోలేదు, చాతగాలేదు అని చెప్పినవ్ గద నాకు.”

“అవు.”

“ఎనిమిదేండ్లాయె. నీ కాళ్లల్ల బలం లేదనుకున్న నేను.”

“కాళ్లల్ల ఉండె.”

“మరి గీ ముచ్చట గా దినమే ఎందుకు చెప్పకపోయినవ్?” అన్నాను నేను. “మేనేజరుతోని నేను కొట్లాడుతుంటి.”

“ఏమని చెప్పాలె అక్కా? చాతగాదంటే గది నా ఒక్కని మాట. దిగుడు మర్వలేదంటే గా మాటల మా నాయిన గూడ వస్తడు. గా మేనేజరు నవ్వుతుండె. నేను కార్ జూసి దిగినప్పుడల్ల మీరందరు నవ్వలేదా?”

నవ్వాం.

భార్య చాలాసేపు దగ్గింది. దగ్గు ఆగాక, “నన్ను గూడ తోల్కపోతే అయిపోతుండె ఆ దినం” అంది అతనితో. “ఎన్కనుంచి నేనొక్కటి నూకుతుంటి.”

అతను నవ్వాడు. వీరుడి బొమ్మ ముందు నవ్విన నవ్వే. తర్వాత ట్యూబు మీద ప్యాచ్ అంటించి, సుత్తితో నిదానంగా కొట్టడం మొదలుపెట్టాడు. నేను బస్సెక్కి వచ్చేశాను.

పిల్లలారా, మీరు ఆదివారాల్లో ఒకరికొకరు మోచెయ్యి కొట్టుకుంటూ, ఎంత తేలిగ్గా ఒకరినొకరు దాటుకుంటూ పోతారో నేను మా ఇంటి గేటు దగ్గర నిలబడి చూస్తుంటాను. మీ మీద నాకు గొప్ప అభిప్రాయం లేదు. ఆ ఒక్క పని మాత్రం మీకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

పోయినవాటి లెక్క రాసి ముగిస్తాను. ఒక పర్మినెంటు ఉద్యోగం. తొమ్మిదేళ్ల సర్వీసు. ఒక దవాఖాన కార్డు, దానితోపాటు ఒక ఆడమనిషి ఊపిరిలో సగం. పదకొండు మంది పనిచేసిన చక్రాల సెక్షన్. పాలక్యాను మోసే ఒక మంచి నల్ల సైకిలు. ఒక రంగు బొమ్మ. అది లెక్కలోకి రాదు. దొర మనుషులు బావిలో పడేసిన సైకిలు ఒకటి. వరస ప్రకారం రాస్తే మొదట రాయవలసింది అదే.